ఆరాక చూడాలి

బుధవారం పొద్దున ఆరున్నర. మేడ మీద రెండు గదుల ఇల్లు. ముందు గదిలో అక్క రంగులు కలిపే బల్ల, పక్కన మంచం, మంచం మీద చెల్లెలి సంచి నోరు తెరుచుకుని.

“ఆ దుప్పటి తీసెయ్యక్కా. మూడు రోజులకి దుప్పటెందుకు?”

“చలేస్తే?”

“లాడ్జిలో ఉంటాయి దుప్పట్లు.”

“ఎవరెవరు కప్పుకున్నవో. ఉండనీ.”

“సంచి మూత పడదు. ఇదేంటి మళ్ళీ, ఇంత డబ్బా?”

“మందులు. దెబ్బలకొకటి, నొప్పులకొకటి, కడుపులో మంటకొకటి. మోకాలి పట్టీలు ఏవీ?”

“అడుగున పెట్టా.”

“మోచేతివి?”

“అవీ అడుగునే.”

“ఒకటే కనబడుతోంది.”

“రెండున్నాయి. నువ్వు సంచి సర్దుతున్నావా, సోదా చేస్తున్నావా?”

“రెండూను. శుక్రవారం సాయంత్రానికి వచ్చేస్తావుగా?”

“నాలుగోసారి చెప్తున్నా. శుక్రవారం. సాయంత్రానికి.”

“నాన్న కూడా వచ్చేస్తాననే వెళ్ళి...”

“ఇదిగో, మొదలెట్టావు.”

“ఏం మొదలెట్టానే? నాన్న లారీ ఎక్కిన రోజు కూడా సంచి నేనే సర్దానంటున్నాను. అంతే కదా.”

“అప్పుడు నీకు పందొమ్మిది. నాకు ఏడాది. ఆ తరవాత నువ్వు నాకెన్ని సంచులు సర్దలేదు? అన్నిటితోనూ తిరిగొచ్చానా లేదా?”

“వచ్చావు. కొన్నిసార్లు కుంటుకుంటూ వచ్చావు.”

“కుంటుకుంటూనో, దేకుతూనో. వచ్చానుగా. మిడతకి కాలు విరిగినా ఎగరడం మానదు, నువ్వేగా పెట్టావు పేరు.”

“పేరు పెట్టినప్పుడు నీకు మూడేళ్ళే. మంచం మీంచి గచ్చు మీదకి దూకేదానివి. ఇలా మేడల మీంచి దూకుతావని తెలిస్తే తాబేలని పెట్టేదాన్ని.”

“తాబేలుకి ఎవరిస్తారు డూప్ వేషం? సరేగానీ అక్కా, ఒక పని చేసిపెట్టాలి. వ్యాను ఏడున్నరకి వస్తుంది. ఈలోపు ఒక రంగు కలపాలి.”

“హీరోయిన్‌గారిదేగా? పోయిన నెల సీసా నిండా కలిపిచ్చాను. అప్పుడే అయిపోయిందా? ఆ పుస్తకం ఇలా ఇవ్వు, కొలత రాసుకున్నాను.”

“ఆవిడది కాదు. నాది.”

“నీదా?”

“నా ఒంటి రంగు. నాకు.”

“నీ రంగు నీకెందుకే? ఆరేళ్ళుగా ఆవిడ రంగు పూసుకుని, ఆవిడ బట్టలు కట్టుకుని, ఆవిడ బదులు దూకుతున్నావు. సొంత రంగుతో నీకేం పని?”

“అదే అంటున్నా. ఈ అరలో చూడు. బ్యాంకావిడ, లెక్కల టీచరు, వార్తలు చదివే అమ్మాయి, మూడో అంతస్తు కోడలు. ఆవిడ అత్తగారిది ఏదీ?”

“కింది అరలో పెట్టాను. పక్కపక్కన పెడితే పడదు.”

“చూశావా. ఊరందరి రంగులూ ఉన్నాయి నీ దగ్గర. కొట్లో కొన్న ఫౌండేషను ఏదీ కలవడం లేదని ఎక్కడెక్కడి వాళ్ళో మన మెట్లెక్కి వస్తారు. నీ పుస్తకంలో పేజీలన్నీ నిండిపోయాయి. తోడబుట్టినదానికి ఒక్క పేజీ లేదు.”

“నువ్వడగలేదుగా.”

“ఇప్పుడడుగుతున్నా.”

“ఎక్కడికి?”

“ఎక్కడికేంటి?”

“ఎక్కడ పూసుకోవడానికి అంటున్నా. ముఖానికైతే దవడ మీద చూసి కలపాలి. మెడకైతే మెడ మీద. ముఖమూ చెయ్యీ ఒక్క రంగుండవు, ఎవరికీ ఉండవు. ఎక్కడికో చెప్పకుండా ఏం కలపను, సున్నమా?”

“ఏదో... చేతికి అనుకో.”

“అనుకోవడమేంటి? ఇలా కిటికీ దగ్గరికి రా. ట్యూబులైటు కింద కలిపితే ఎండలోకెళ్ళేసరికి బూడిద పూసినట్టుంటుంది. రా. చొక్కా చేతులు వేళ్ళ దాకా లాక్కున్నావేం?”

“చలి.”

“చలా? ఇందాక దుప్పటి వద్దన్న పెద్దమనిషివి.”

“అక్కా...”

“నిన్న సాయంత్రం వచ్చిన దగ్గర్నుంచి చూస్తున్నా. గిన్నె కడుగుతూ కూడా చేతులు మడవలేదు. తడిపేసుకున్నావు గానీ మడవలేదు. ఎడం చెయ్యి. పైకి లాగు.”

“అరవకూడదు మరి.”

“లాగు ముందు.”

“అరవనని చెప్పు.”

“చెప్పను. లాగు.”

“...ఇదిగో.”

“పిండికట్టేదీ?”

“తీయించుకున్నా.”

“ఆరు వారాలు ఉంచాలన్నాడు డాక్టరు. మూడే అయ్యాయి.”

“బాగా అతుక్కుందన్నాడు. ఆయనే తీశాడు.”

“ఆయన తీశాడా, నువ్వు కత్తెరతో కోసుకున్నావా?”

“...కత్తెర ఆయనదే.”

“నాతో పరాచికాలాడకు. పది రోజులు రిహార్సలని అక్కడే ఉండిపోయావు. ఊరికే కూర్చుని చూడ్డానికే అన్నావు.”

“కూర్చునే చూశా. మొదటి నాలుగు రోజులూ.”

“ఈ మచ్చేంటి?”

“అప్పటిదే. పోయిన నెల పడ్డానుగా, దానిదే. ఇంకా పోలేదు.”

“వెలుతురులో పెట్టు చెయ్యి.”

“అప్పటిదేనంటే...”

“ఇరవై ఐదేళ్ళుగా ఒళ్ళు చూసి రంగులు కలుపుతున్నానే నేను. మూడు వారాల దెబ్బ పసుపు తిరుగుతుంది. అంచులు చెదిరిపోతాయి. ఇది నల్లవంకాయలా ఉంది. చుట్టూ ఎరుపు ఇంకా దిగలేదు. ఇది రెండు రోజుల దెబ్బ.”

“మూడు.”

“మళ్ళీ పడ్డావు.”

“పడలేదు. తాడు జారి చెయ్యి మెలిపడింది, అంతే. ఆదివారం.”

“ఎవరికి చెప్పావు?”

“ఎవరికి చెప్పాలి?”

“ఎవరికీ చెప్పలేదన్నమాట. వేళ్ళు మడువు.”

“ఇదిగో.”

“బొటనవేలు.”

“అదొక్కటే కొంచెం మొండికేస్తోంది.”

“నా చెయ్యి పట్టుకో. గట్టిగా.”

“పట్టుకున్నా.”

“ఇంకా గట్టిగా.”

“పట్టుకున్నాగా!”

“ఇదేనా గట్టి? నీకు ఏడాదప్పుడు ఇంతకంటే గట్టిగా పట్టుకునేదానివి నా వేలు.”

“పొద్దున్నే బిగుసుకుంటుంది. మధ్యాహ్నానికి వదులవుతుంది. నొప్పి మాత్ర వేసుకుంటే ఇంకా...”

“రేపు ఏం చేయిస్తారు నీచేత? నిజం చెప్పు. ముక్కలు ముక్కలుగా కాదు, మొత్తం.”

“ఒక మేడ మీంచి పక్క మేడ మీదకి ఊగాలి. తాడు పట్టుకుని. కుడి చేత్తో పసిపిల్లని ఎత్తుకోవాలి. బొమ్మేలే. ఇల్లు తగలబడుతూ ఉంటుంది వెనకాల.”

“కుడి చేతిలో పిల్ల.”

“బొమ్మ.”

“తాడు ఎడం చేత్తో. ఈ చేత్తో.”

“నడుముకి వైరుంటుంది అక్కా! చెయ్యి వదిలేసినా ఏం కాదు. తీగ మీద ఆరేసిన చొక్కాలా గాల్లో వేలాడతాను. అందరూ నవ్వుతారు. దింపేస్తారు.”

“మరి రంగెందుకు? నొప్పిగా ఉందని చెప్పు. ఇంకో వారం ఆగుతారు.”

“హీరోయిన్‌గారి తేదీలు ఆగవు. ఇవాళ దిగగానే ఒకసారి, రేపు తాడెక్కించే ముందు ఒకసారి, ఫైటు మాస్టారు అందర్నీ ఎండలో నిలబెట్టి చేతులు చూస్తారు. రెండు పక్కలా తిప్పి చూస్తారు. కమిలినట్టు కనబడిందా, ఇంటికే.”

“మంచి పని చేస్తారు.”

“మంచి పనే. నా వెనకాలే ఇంకో డూప్, ఆ పొడుగు పిల్ల, నిలబడి ఉంది. ఇప్పుడు దానికి ఆ బట్టల కొలతలు తీశారంటే నన్నింక పిలవరు. ఆరేళ్ళక్కా. ఆవిడ నడక, ఆవిడ మెడ తిప్పడం, పరిగెత్తేటప్పుడు ఆవిడ భుజం ఒకటి కిందకి వంచడం. ఆవిడకే అంత బాగా రాదు. పోయిన సినిమాలో ఆవిడ వెనక్కి తిరిగి నడిచెళ్ళిపోతుంటే హాల్లో జనం ఏడ్చారుగా? ఆ వీపు నాది.”

“తెలుసు. నేనూ ఏడ్చాను. నేను మాత్రం నీ వీపని తెలిసే ఏడ్చాను.”

“కలుపుతావా?”

“టైమెంతయింది?”

“అక్కా, ఏడవుతోంది.”

“కూర్చో.”

“నిజంగా?”

“కూర్చోమన్నాగా. ఆ స్టూలు లాక్కో. చెయ్యి కిటికీ గట్టు మీద పెట్టు, కదపకు.”

“ఇంత తేలిగ్గా ఒప్పుకున్నావేంటి?”

“ఒప్పుకోకపోతే మానేస్తావా?”

“మానను.”

“మరింకేం. ముందు మచ్చ మీద ఈ నారింజరంగు పెడతాను, పల్చగా. నలుపు చావాలి. లేకపోతే పైన ఎంత పూసినా కింద నుంచి బూడిదలా తేలుతుంది.”

“అబ్బ, చల్లగా ఉంది.”

“నొప్పా?”

“చల్లగా ఉందంటున్నా.”

“ఇప్పుడు నీ రంగు. ఇటు తిప్పు, ముంజేతి లోపలి వైపు చూడనీ. ఎండ తగలని చోట తెలుస్తుంది మనిషి అసలు రంగు. హూఁ.”

“ఏంటి హూఁ?”

“నీది అమ్మ రంగనుకునేదాన్ని. కాదు. అమ్మ రంగులో పసుపెక్కువ, నాలాగా. నీకు కింద ఎరుపుంది. నాన్న రంగు.”

“నాకెప్పుడూ చెప్పలేదు.”

“ఎప్పుడు చూశాను? ఎప్పుడూ ఆవిడ రంగులోనే వస్తావు ఇంటికి. కడుక్కునే లోపు నిద్రపోతావు.”

“నాన్న రంగు నాకు గుర్తేలేదక్కా. ఫోటోలో నలుపూ తెలుపేగా.”

“ముంజేతి లోపల చూసుకో. అదే.”

“...ఇదా.”

“కదపకన్నానా! లేతది రెండు పాళ్ళు, ముదురుది ఒకటి. ఎర్రగా వచ్చింది. పసుపు ఒక్క చుక్క. ఇప్పుడు నారింజలోకి పోతోంది. నీలం, సూది మొనంత. అంతకు మించితే శవం రంగొస్తుంది.”

“పొద్దున్నే మంచి మాట.”

“నోరు జారింది. ఉఫ్. పోవాలి ఆ మాట.”

“ఆ సీసా ఏంటి? దాన్నెప్పుడూ తియ్యవుగా, మూత కూడా పట్టేసింది.”

“నీ రంగుకి అదే దగ్గర. మాట్లాడకు. స్పాంజి అందుకో. రుద్దకూడదు, అద్దాలి. ఇలా. అంచుల దగ్గర పల్చగా. అయింది. చూసుకో.”

“అబ్బ! అక్కా! అసలు లేదు! ఎక్కడుందో నాకే తెలియడం లేదు!”

“అయిపోయిందిగా. ఇంక లే. సంచి మూసెయ్.”

“ఏడుంబావేగా అయింది.”

“కిందకెళ్ళి నిలబడు. వ్యాను డ్రైవరు పెద్దాయన, ఆయన్ని కాయించడం ఎందుకు?”

“ఆయన రాలేదింకా. ఆరనీ.”

“దారిలో ఆరుతుంది. దుప్పటి తీసేశాను, చూడు, మూత పడుతోంది. చెప్పులు వేసుకో.”

“మంచినీళ్ళు...”

“సీసాలో పోశాను, దారిలో తాగు. లే మరి, లే.”

“అక్కా.”

“ఏంటి?”

“ఆరున్నర నుంచీ దుప్పటనీ పట్టీలనీ నన్ను ఆపుతున్నావు. ఇప్పుడు పొమ్మని తరుముతున్నావేంటి?”

“తరమడమేంటి? ఆలస్యమవుతుందని.”

“ఆమధ్య బ్యాంకావిడ తొందరపడుతుంటే భుజాలు పట్టి కూర్చోబెట్టావు, నేనిక్కడే ఉన్నా. తడి మీద చూసి సంతోషపడకండి, ఆరాక చూడాలి, పది నిమిషాలు కూర్చోండి అని. ఆవిడ ఆఫీసు పోతుందని మొత్తుకున్నా వదల్లేదు.”

“ఆవిడది ముఖం. ఇది చెయ్యేగా.”

“నేనూ కూర్చుంటా పది నిమిషాలు.”

“వ్యానొస్తుంది.”

“రానీ.”

“...మొండిదానా.”

“ఎవరి పెంపకం? సరే, ఏదైనా చెప్పు. ఊరికే కూర్చుంటే పది నిమిషాలు గంటలా ఉంటాయి.”

“నాకేం చెప్పబుద్ధి కావడం లేదు.”

“నా పేజీ రాయి పుస్తకంలో. ఎన్ని పాళ్ళు, ఎన్ని చుక్కలు. పైన పేరు రాయి. మిడత అని.”

“తరవాత రాస్తాను.”

“ఇప్పుడు రాయి. కలం ఇదిగో. మర్చిపోతావు.”

“నేను మర్చిపోను.”

“రాయవేం? అక్కా, నా ముఖం చూడు. కిటికీలోంచి ఏం చూస్తున్నావు? ఏముందక్కడ?”

“వ్యాను వచ్చిందేమోనని. అదిగో, హారనులా ఉంది. లే.”

“హారనూ లేదు, ఏమీ లేదు. అక్కా... ఇదేంటిది?”

“ఏది?”

“చెయ్యి. చూడు. తుప్పు పట్టినట్టుంది. చుట్టూ నా రంగు, మధ్యలో తుప్పు. ఇందాక కలిసిపోయింది. ఇప్పుడు ముదిరిపోయింది. ఆ సీసా. ఆ మూత పట్టేసిన సీసా. ఆరితే ముదురుతుందని పక్కన పడేసింది అదేగా? నువ్వే చెప్పావు, ఎవరికీ వాడకూడదని.”

“మిడతా...”

“కావాలనే చేశావు.”

“అవును. కావాలనే చేశాను. అక్కడికి వెళ్ళేసరికి బాగా ముదురుతుంది, ఎండలో చెయ్యి చాపగానే ఆయన చూస్తాడు, చూసి పంపేస్తాడు, సాయంత్రానికి ఇంటికొస్తావు. తిట్టుకుంటూ వస్తావు. రా. తిట్టు. ఇంట్లో కూర్చుని తిట్టు.”

“పొడుగు పిల్లకి కొలతలు తీస్తారు.”

“తీయనీ! దానికి రెండు చేతులూ ఉన్నాయి!”

“అరవకు. నేను అరవడం లేదుగా.”

“నువ్వు అరిస్తేనే నయం. ఇలా చూడకు నన్ను.”

“ఎంతమందికి కలిపావక్కా ఇన్నేళ్ళలో? ఎవరికైనా తప్పు రంగు ఇచ్చావా, తెలిసీ?”

“లేదు.”

“మూడో అంతస్తు అత్తగారు నిన్నన్ని మాటలంది. ఆవిడకి?”

“ఆవిడకీ ఇవ్వలేదు.”

“ఆరేళ్ళు ఇంకొకరి రంగు పూసుకున్నా. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నా రంగు కలిపిపెట్టమని అడిగా. నాన్న రంగన్నావు. నేను చూసుకుంటూ కూర్చున్నా. అప్పుడు కూడా నీ చేతిలో ఆ సీసా ఉంది.”

“అది నిజమే. నాన్న రంగే. అది అబద్ధం కాదు.”

“వెళ్తాను. ఇలాగే వెళ్తాను. ఎవరు కలిపారే ఇదని అడిగితే మా అక్కేనని చెప్తాను.”

“కోపంతో వెళ్ళకే.”

“కోపం లేదు.”

“ఉంది. గడప దాటేటప్పుడు అలా ఉండకూడదు. నాన్న వెళ్ళేటప్పుడు అమ్మ ఆయనతో మాట్లాడలేదు. ఎందుకో కూడా ఎవరికీ గుర్తులేదు. కూర్చో. మిడతా, కూర్చోవే. కడుగుతాను.”

“ఏడున్నర అవుతోంది.”

“ఆయన ఆగుతాడు. తడిగుడ్డ ఇటివ్వు.”

“మళ్ళీ ఏ సీసా తీస్తావో.”

“నువ్వే తియ్యి. అదిగో, పై అరలో ఎడమ నుంచి రెండోది, ఆ పక్కది. మొన్న తెప్పించినవి. ఇంకా ఎవరికీ వాడలేదు.”

“ఇవేనా?”

“అవే. లేతది రెండు పాళ్ళు. ముదురుది ఒకటి, కాదు, ఒకటికి కొంచెం తక్కువ. నువ్వే చుక్కలు లెక్కపెట్టు, నన్ను నమ్మకు. పసుపు?”

“ఒకటి.”

“నీలం సూది మొనంత. ఇదిగో. ఆరితే ఒక పిసరు దిగుతుంది, అంచేత ఒక పిసరు తేలిగ్గా ఉంచాలి. అద్దనీ. నొప్పెడితే చెప్పు.”

“లేదు.”

“ఉంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.”

“నారింజరంగు వాసన.”

“రంగుకి వాసనేంటే, పిచ్చిదానా. ఇప్పుడు ఆరనీ. ఈసారి నేను కూడా కూర్చుంటాను.”

“నాలుగు నిమిషాలైంది.”

“ఆగు.”

“మిడతమ్మా! వ్యానొచ్చింది! దిగుతావా, నన్ను పైకెక్కమంటావా?”

“వస్తున్నా అన్నా! రెండు నిమిషాలు! అక్కా, చూడు. కలిసింది.”

“ఆగు. వెలుతురులో పెట్టు. హూఁ.”

“మళ్ళీ ఏంటి?”

“రంగు కలిసింది. వాపు తెలుస్తోంది.”

“ఏమంత లేదు.”

“లేకపోవడమేంటి? మణికట్టు దగ్గర ఎత్తుగా లేదూ? పక్కనుంచి ఎండ పడితే నీడ పడుతుంది. ఇంత బాగా కలిశాక అది ఎబ్బెట్టుగా ఉంటుంది.”

“పోనీలే అక్కా, వ్యాను...”

“ఉండు. ఎత్తున్న చోట ఒక వెంట్రుకంత ముదురు వెయ్యాలి, ఇటూ అటూ లేతది. అప్పుడు చదునుగా కనబడుతుంది. లావు ముక్కులకి అదేగా చేస్తాం. ఇలా. ఇలా. ఇటు తిప్పు. ఆఁ. ఇప్పుడు రెండు చేతులూ చాపు.”

“చాపా.”

“...ఏ చెయ్యో నాకే తెలియడం లేదు.”

“అక్కా, నువ్వు మామూలు మనిషివి కాదు.”

“పొగడకు. మిగిలింది ఈ చిన్న సీసాలో పోస్తున్నాను. మీద కాగితం అంటిస్తున్నాను, మిడత అని. రేపు పొద్దున మళ్ళీ కడుక్కుని వేసుకోవాలి. ముందు నారింజ. తరవాత ఇది. ఎత్తు దగ్గర ఈ చిన్న డబ్బాలోది, వెంట్రుకంత. గుర్తుంటుందా?”

“ఉంటుంది.”

“ఆరే దాకా ఏమీ ముట్టుకోకు.”

“ముట్టుకోను.”

“వైరు ఉంటుందిగా?”

“ఉంటుందని చెప్పానుగా.”

“వైరు లేకుండా ఎక్కకు. నా మీద ఒట్టు.”

“ఒట్టు. నా పేజీ రాస్తావుగా?”

“నువ్వు మెట్లు దిగేలోపు రాస్తాను. సాయంత్రం ఫోను చెయ్యి. కోపం పోయిందా?”

“ఎప్పుడో పోయింది. ఇలా రా. ఏడవకు, నా చొక్కాకి రంగంటుతుంది.”

“వెళ్ళొస్తానని చెప్పు.”

“వెళ్ళొస్తా.”

గురువారం సాయంత్రం ఆరు దాటింది. అదే గది. గుమ్మంలో వ్యాను డ్రైవరు, చేతిలో మిడత సంచి.

“రా అన్నా, రా! గుమ్మంలోనే నిలబడ్డావేం? మిడత ఏదీ? కిందే ఉందా?”

“అమ్మా, కొంచెం...”

“సంచి నీచేత మోయించిందా? పెద్దాయనవని కూడా లేదు. పైకి రావడానికి మొహం చెల్లడం లేదు కాబోలు. ఈవేళ గురువారమేగా! శుక్రవారమంది. పంపేశారు కదూ?”

“అదికాదమ్మా...”

“మాస్టారు చూసేశారు. చేతులు చూసి పంపేశారు. చెప్పు, అంతేగా? పోనీలే అన్నా. పోనీ. ఇరవై ఐదేళ్ళలో నా రంగు తప్పడం ఇదే మొదలు, తప్పినందుకు ఇంత సంతోషం కూడా ఇదే మొదలు. పిలు దాన్ని. తిట్టనని చెప్పు.”

“కూర్చోండమ్మా.”

“నేనెందుకు కూర్చోవడం? నువ్వు కూర్చో. మంచినీళ్ళు తెస్తాను.”

“వద్దమ్మా. నీళ్ళొద్దు. మిమ్మల్ని తీసుకురమ్మన్నారు. పెద్దాసుపత్రికి. వ్యాను కిందే ఉంది.”

“ఆసుపత్రికా? ఎందుకు?”

“మీరు రండి, దారిలో చెప్తాను.”

“మళ్ళీ విరగ్గొట్టుకుందా? అదే చెయ్యేనా?”

“రండమ్మా.”

“మాట్లాడుతోందా?”

“అక్కడ డాక్టర్లున్నారు. వాళ్ళు చెప్తారు.”

“నిన్నడుగుతున్నాను. మాట్లాడుతోందా?”

“...చెప్పులు వేసుకోండమ్మా.”

“ఆ సంచి ఇలా ఇవ్వు.”

“సంచి ఎందుకమ్మా ఇప్పుడు?”

“ఇవ్వన్నా. మోకాలి పట్టీలు... ఒకటి, రెండు. మోచేతివి ఒకటే ఉంది. నేను చెప్పాను ఒకటే ఉందని. మందుల డబ్బా మూత కూడా తియ్యలేదు. ఇదిగో, సీసా. సగమైంది. వేసుకుందన్నమాట. పొద్దున వేసుకుంది.”

“ఏంటమ్మా అది?”

“దాని రంగు.”

“...నాకు నిన్ననే చెప్పింది వ్యానులో. చెయ్యి బాలేదన్నా, ఎవరికీ చెప్పకన్నా అని. చూపించమంటే రెండు చేతులూ చాపి, ఏదో కనుక్కో చూద్దాం అని నవ్వింది. నాకు తెలియలేదు. వేళాకోళం అనుకున్నాను.”

“వైరు తెగిందా?”

“ఏంటమ్మా?”

“నడుముకి వైరుంటుందంది. అది తెగిందా?”

“రెండుసార్లు వైరుతో బాగానే చేసింది. ఎండకి వైరు మెరుస్తోంది, కెమెరాలో పడుతోందన్నారు డైరెక్టరు. మాస్టారు కుదరదన్నారు. చాలాసేపు కుదరదనే అన్నారు. కింద వల కట్టించారు. మళ్ళీ అందర్నీ ఎండలోకి పిలిచి, చేతులు చాపమన్నారు. మూడోసారి చెయ్యి జారి పడింది. వల మూలకి పోయిందమ్మా, మధ్యలో పడలేదు.”

“చేతులు చూశారా?”

“చూశారు.”

“దానివి కూడా?”

“పొడుగమ్మాయి అరచేతులు తాడుకి కోసుకుపోయి ఉన్నాయి. ఇంకో పిల్లకి వేలు వాచింది. మన మిడతమ్మవి రెండుసార్లు చూశారు. తిప్పి తిప్పి చూశారు. అమ్మా, నాకు తెలియక అడుగుతున్నాను. దెబ్బ ఏ చేతికి?”

“ఎడమ.”

“ఆ చెయ్యే పట్టుకుని పైకెత్తి అందరికీ చూపించారమ్మా. చేతులంటే ఇలా ఉండాలి, ఈ పిల్లకి వైరు అక్కర్లేదు, తీసెయ్యండి అన్నారు.”

మిడత ఆ మధ్యాహ్నమే మూడుంబావుకి పోయింది. శుక్రవారం సాయంత్రానికి వస్తానన్న ఇంటికి తిరిగి రాలేదు.